చిత్రాన్ని జరపడం, తిప్పడం, కుదించడం: జ్యామితీయ పరివర్తనల ప్రాజెక్టు డైరీ

డిజిటల్ చిత్రాలపై చేసే ప్రాథమిక జ్యామితీయ పనులను, అంటే జరపడం, తిప్పడం, పెంచడం, కుదించడం, ఏటవాలుగా లాగడం వంటివాటిని, తయారుగా దొరికే ప్రమేయాలను (ఫంక్షన్లను) పిలవకుండా పైథాన్‌లో నంపై (సంఖ్యల శ్రేణుల లైబ్రరీ) శ్రేణులపై స్వయంగా రాసి, ప్రతి దశలోనూ ఫలితాన్ని కొలిచి నమోదు చేసిన డైరీ ఇది. ఓపెన్‌సీవీ, పిల్లో అనే చిత్ర లైబ్రరీలను పోల్చి చూసుకోవడానికి మాత్రమే వాడాను. ఇదే పని చేయదలచినవారు అంకెలను తమ కోడ్‌తో సరిచూసుకోవచ్చు. ఎక్కడ తేడా వస్తుందో అక్కడే లోపం ఉంటుంది.

దశ 0: పరీక్ష చిత్రాలు

ఒక ఫోటోను తిప్పి, కంటితో చూసి, బాగానే ఉందనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పావు పిక్సెల్ పక్కకు జరిగిన ఫోటోను ఏ కన్నూ పట్టుకోలేదు. కానీ రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చి తేడా తీసినప్పుడు ఆ పావు పిక్సెలే ప్రతి అంచు వెంబడీ ఒక తప్పుడు గీతై బయటపడుతుంది. అందువల్ల ఫోటోలను పూర్తిగా పక్కన పెట్టి, జవాబు ముందే తెలిసిన కృత్రిమ చిత్రాలను తయారు చేశాను. అన్నింటికీ వెడల్పు 640, ఎత్తు 480.

1. కొలబద్ద చిత్రం: ప్రతి పిక్సెల్ విలువ ఆ పిక్సెల్ ఎక్స్ నిరూపకమే. విలువలు 639 వరకు వెళ్తాయి కాబట్టి 64 బిట్ల దశాంశ సంఖ్యలుగా నిల్వ చేయాలి. వై నిరూపకానికి ఇలాంటిదే ఇంకొకటి.
2. గళ్ళ చిత్రం: ఒక్కో గడి ఒక్క పిక్సెల్. విలువలు 0, 255 మాత్రమే.
3. చారల చిత్రాలు: సైన్ తరంగం ఆకారంలో నిలువు చారలు. సగటు 128, కంపన పరిమితి (సగటు నుంచి గరిష్ఠ తేడా) 100. చారల మధ్య దూరం 4, 5, 8 పిక్సెళ్ళుగా మూడు రకాలు.
4. మూలల చిత్రం: నాలుగు మూలల్లో 50, 100, 150, 200 విలువలు, నాలుగు అంచుల వెంబడి ఒక పిక్సెల్ మందం గల తెల్లని గీత.

వీటిలో కొలబద్ద చిత్రమే నాకు ఎక్కువగా పనికివచ్చింది. దాన్ని ఎలా తిప్పినా, ఎంత సాగదీసినా, ఫలితంలోని ప్రతి పిక్సెల్ తాను మూలంలో ఏ చోటు నుంచి వచ్చిందో తన విలువతోనే చెబుతుంది. చేతితో వేసిన లెక్కకు ఆ విలువ సరిపోవాలి.

చతురస్రాకార చిత్రంతో ఎప్పుడూ పరీక్షించకూడదు. నంపై శ్రేణిలో ముందు అడ్డు వరుస సంఖ్య, తరువాత నిలువు వరుస సంఖ్య వస్తాయి. గణితంలో ఎక్స్ ముందు, వై తరువాత. ఈ రెండూ తారుమారైనప్పుడు 512 × 512 చిత్రం ఏ ఫిర్యాదూ లేకుండా తప్పు ఫలితాన్ని ఇస్తుంది. 640 × 480 చిత్రమైతే సూచిక హద్దు దాటిందని ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇప్పటి లెక్క: మూల చిత్రంలో పిక్సెళ్ళు 3,07,200.

దశ 1: మూలం నుంచి గమ్యానికి పంపడం, అందులో పడిన రంధ్రాలు

ఎవరికైనా ముందుగా తోచే పద్ధతి ఇది:

1. మూలంలోని ప్రతి పిక్సెల్ నిరూపకాలను తీసుకోవాలి.
2. వాటికి సూత్రాన్ని వర్తింపజేసి కొత్త నిరూపకాలను కనుక్కోవాలి.
3. వాటిని దగ్గరి పూర్ణాంకానికి సవరించి, అక్కడ పిక్సెల్ విలువను రాయాలి.

రెండింతలు పెంచినప్పుడు ఏం జరుగుతుందో కాగితం మీదే తెలుస్తుంది. గమ్యంలో, అంటే ఫలిత చిత్రంలో, 12,28,800 స్థానాలు ఉంటాయి; రాయడానికి ఉన్న పిక్సెళ్ళు 3,07,200. మిగిలిన 9,21,600 స్థానాలు, అంటే సరిగ్గా 75 శాతం, ఖాళీగా ఉండిపోతాయి. ఇది ఊహించదగినదే. తిప్పడంలో మాత్రం వైశాల్యం మారదు కాబట్టి రంధ్రాలు పడవలసిన అవసరం లేదనిపిస్తుంది. అయినా 30 డిగ్రీలు తిప్పిన చిత్రం లోపలి భాగంలో, అంచులతో సంబంధం లేకుండా, దాదాపు 13.4 శాతం స్థానాలు ఖాళీగా మిగిలాయి. 45 డిగ్రీలకు అది 17.2 శాతానికి చేరింది. 10 డిగ్రీలకు 2.5 శాతమే.

ఈ అంకెలు యాదృచ్ఛికం కావు. గమ్యంలోని ఒక స్థానం నిండాలంటే, దాని చుట్టూ ఉన్న 1 × 1 గడిలో, తిప్పిన తరువాత, కనీసం ఒక మూల పిక్సెల్ కేంద్రం పడాలి. మూలం వైపు నుంచి చూస్తే ఆ గడి ఒక తిరిగిన చతురస్రం. అలాంటి చతురస్రాన్ని ప్రతి పిక్సెల్ కేంద్రం దగ్గరా ఒకటి చొప్పున పరిస్తే, నాలుగేసి చతురస్రాల మధ్య ఒక చిన్న చతురస్రం మేర ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ భుజం పొడవు, కోణం కాస్ విలువకు సైన్ విలువను కలిపి ఒకటి తీసివేస్తే వస్తుంది. దాని వర్గమే రంధ్రాల నిష్పత్తి. 30 డిగ్రీలకు 0.866 + 0.5 − 1 = 0.366, దాని వర్గం 0.134. 45 డిగ్రీలకు 0.414 వర్గం 0.172. కొలత, సూత్రం రెండూ కలిసిన తరువాతే ఈ దశను ముగించాను.

రంధ్రాలను చుట్టుపక్కల విలువల మధ్యగతంతో పూడ్చే ఉపాయం చాలా చోట్ల కనిపిస్తుంది. దాన్ని తీసుకోకపోవడానికి కారణం ఉంది. వైశాల్యం మారలేదు కాబట్టి, ఎన్ని స్థానాలు ఖాళీగా ఉన్నాయో దాదాపు అన్ని మూల పిక్సెళ్ళు వేరొక పిక్సెల్ మీద పడి చెరిగిపోయాయన్నమాట. 30 డిగ్రీల దగ్గర ఇవి 41 వేలకు పైగా ఉంటాయి. రంధ్రం కంటికి కనిపిస్తుంది, చెరిగిపోయిన పిక్సెల్ కనిపించదు. పూడ్చడం వల్ల కనిపించే సగం లోపం మాత్రమే మాయమవుతుంది.

ఇప్పటి లెక్క (30 డిగ్రీలు): ఖాళీలు 13.4 శాతం, చెరిగిన పిక్సెళ్ళూ దాదాపు అంతే.

దశ 2: గమ్యం నుంచి మూలాన్ని అడగడం

దిశను తిరగేశాను. ఇప్పుడు లూపు గమ్యంలోని పిక్సెళ్ళ మీద నడుస్తుంది; ప్రతి స్థానమూ, విలోమ సూత్రం ద్వారా, తన విలువను మూలంలో ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తెలుసుకుంటుంది. గమ్యంలో ప్రతి స్థానాన్ని ఒక్కసారే, తప్పనిసరిగా, సందర్శిస్తాం కాబట్టి రంధ్రం అనే మాటకే తావు లేదు.

1. గమ్యం పరిమాణాన్ని లెక్కించాలి. కొత్త వెడల్పు = పాత వెడల్పు × కాస్ + పాత ఎత్తు × సైన్; కొత్త ఎత్తు = పాత వెడల్పు × సైన్ + పాత ఎత్తు × కాస్. 30 డిగ్రీలకు 794.26, 735.69 వచ్చాయి, పైకి సవరిస్తే 795 × 736.
2. గమ్యంలోని ప్రతి స్థానం నుంచి గమ్య కేంద్రాన్ని తీసివేయాలి.
3. విలోమ మాత్రికతో గుణించాలి. భ్రమణ మాత్రికకు విలోమం దాని పక్షాంతరమే (అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చినదే) కనుక ప్రత్యేకంగా లెక్కించనక్కరలేదు.
4. మూల కేంద్రాన్ని కలపాలి.
5. వచ్చిన చోటు మూలం హద్దుల్లో ఉంటే అక్కడి విలువ, లేకపోతే నేపథ్యం విలువ.

795 × 736 అంటే 5,85,120 స్థానాలు. అసలు చిత్రం అందులో 52.5 శాతమే, మిగిలిన 47.5 శాతం నేపథ్యం. కంప్యూటర్ జ్ఞాపకశక్తి (మెమరీ) లెక్కలో దీన్ని మరచిపోకూడదు: రెండు నిరూపకాల శ్రేణులే 64 బిట్ల సంఖ్యలుగా 93 లక్షల బైట్లకు పైగా తీసుకుంటాయి.

దిశ విషయంలో రెండు చోట్ల జాగ్రత్త అవసరమైంది. చిత్రాల్లో వై అక్షం కిందికి పెరుగుతుంది కాబట్టి, పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని యథాతథంగా రాస్తే ధన కోణం తెర మీద గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది. ఓపెన్‌సీవీలో భ్రమణ మాత్రికను ఇచ్చే ప్రమేయం ధన కోణాన్ని అపసవ్య దిశగా తీసుకుంటుంది. నా ఫలితాన్ని దానితో పోల్చడానికి కోణానికి ఋణ గుర్తు పెట్టవలసి వచ్చింది. పైగా మాత్రిక ప్రకారం చిత్రాన్ని మార్చే దాని వార్ప్ అఫైన్ ప్రమేయం మనమిచ్చిన మాత్రికను తనంతట తానే విలోమం చేసుకుంటుంది. ముందే విలోమం చేసిన మాత్రికను, ఆ సంగతి సూచించే ఫ్లాగ్ లేకుండా ఇస్తే, చిత్రం వ్యతిరేక దిశలో తిరుగుతుంది. మూలల చిత్రంలోని నాలుగు విలువలు ఈ రెండు తేడాలనూ వెంటనే పట్టిస్తాయి.

దగ్గరి పూర్ణాంకానికి సవరించడంలో ఇంకా సూక్ష్మమైన చిక్కులు ఉన్నాయి. పైథాన్‌లోని ఇంట్ సున్నా వైపుకు కత్తిరిస్తుంది, అందువల్ల −0.9 నుంచి 0.9 వరకు అన్నీ 0 అవుతాయి. హద్దు తనిఖీ ఈ కత్తిరింపు తరువాత జరిగితే, ఎడమ అంచు పిక్సెల్ మిగతావాటికన్నా రెండింతలు వెడల్పుగా కనిపిస్తుంది. నంపైలోని రౌండ్ వాడితే వేరొక లోపం: సరిగ్గా సగం వచ్చినప్పుడు అది సరి సంఖ్య వైపుకు వెళ్తుంది. చిత్రాన్ని అర పిక్సెల్ జరిపి చూస్తే 0.5, 1.5, 2.5, 3.5 అనే నిరూపకాలు వరుసగా 0, 2, 2, 4 అయ్యాయి. సరి సంఖ్య నిలువు వరుసలు రెండేసి సార్లు వచ్చాయి, బేసి సంఖ్యవి పూర్తిగా పోయాయి. గళ్ళ చిత్రంలో అయితే ఒక్కో అడ్డు వరుస మొత్తం ఒకే రంగుగా మారిపోయింది. అర కలిపి ఫ్లోర్ (కింది పూర్ణాంకం) తీసుకోవడమే సరైన మార్గం.

ఇప్పటి లెక్క: ఖాళీలు 0. ఒక్కో గమ్య పిక్సెల్‌కు గుణకారాలు 4, కూడికలు 4, మూలం నుంచి చదివేది 1 విలువ.

దశ 3: కేంద్రం ఎక్కడ ఉంది

640 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న చిత్రానికి కేంద్రం 320 కాదు, 319.5. లెక్క 0 నుంచి 639 వరకు నడుస్తుంది కాబట్టి రెండు చివరల సగటు అదే. 320, 240లను కేంద్రంగా తీసుకొని 180 డిగ్రీలు తిప్పితే 0వ నిలువు వరుస 640కి వెళ్తుంది, అలాంటి వరుస లేదు. మూలల చిత్రంలో ఒక అడ్డు గీత, ఒక నిలువు గీత మాయమవుతాయి. 319.5, 239.5 అయితే 180 డిగ్రీల భ్రమణం, శ్రేణిని రెండు దిశల్లోనూ తిరగేసిన ఫలితం, విలువకు విలువ సమానం కావాలి. దీన్ని శాశ్వత పరీక్షగా ఉంచాను.

పరిమాణం మార్చేటప్పుడు ఇదే అర పిక్సెల్ ఇంకో రూపంలో వస్తుంది. నాలుగో వంతుకు కుదించేటప్పుడు గమ్య నిరూపకాన్ని 4తో గుణిస్తే చాలదు, దానికి 0.5 కలిపి, 4తో గుణించి, 0.5 తీసివేయాలి. రెండింటికీ తేడా 1.5 పిక్సెళ్ళు. కొలబద్ద చిత్రంలో ఆ తేడా మొదటి పిక్సెల్ నుంచి చివరి పిక్సెల్ వరకు ఏమాత్రం మారకుండా 1.5గా నిలిచింది. రెండింతలు పెంచేటప్పుడు తేడా 0.25. ఓపెన్‌సీవీ పరిమాణ మార్పు ప్రమేయం ఈ అర పిక్సెల్ సవరణను పాటిస్తుంది కాబట్టి, సవరణ లేని కోడ్ దానితో ఎన్నటికీ సరిపోదు.

ఈ దశలో ఎక్కువ సమయం తీసుకున్నది 90 డిగ్రీల భ్రమణం. చాలా సులభమని తోచే కోణమే రెండు రకాలుగా విఫలమైంది.

మొదటిది, గమ్యం వెడల్పు 480కి బదులు 481 వచ్చింది. 90 డిగ్రీల కాస్ విలువ కంప్యూటర్‌లో సున్నా కాదు, సుమారు 0.6 × 10⁻¹⁶. దాన్ని 640తో గుణిస్తే దాదాపు 3.9 × 10⁻¹⁴. 480 దగ్గర 64 బిట్ల దశాంశ సంఖ్యల మధ్య ఎడం సుమారు 5.7 × 10⁻¹⁴. కలిపే విలువ అందులో సగానికి మించింది కాబట్టి మొత్తం తదుపరి సంఖ్యకు ఎగబాకింది. పైకి సవరించే సీల్ ప్రమేయం దాన్ని 481గా మార్చింది. ఎత్తు వైపు ఇలా జరగలేదు, ఎందుకంటే 640 దగ్గర ఆ ఎడం రెండింతలు ఉంటుంది. ఒక నిలువు వరుస ఎక్కువైతే నష్టమేమిటని అనిపించవచ్చు. కానీ దానివల్ల గమ్య కేంద్రం అర పిక్సెల్ జరుగుతుంది, దానితో చిత్రం మొత్తం అర పిక్సెల్ పక్కకు పోతుంది. తరువాతి దశలో కనిపించే మసకకు సగం కారణం ఇక్కడే ఉంది.

రెండోది, పరిమాణాన్ని సరిచేసిన తరువాత కూడా ఒక అంచులో నల్లని గీత మిగిలింది. అక్కడ 0 రావలసిన నిరూపకం −0.00000000000003 వంటి విలువగా వచ్చి, సున్నా కన్నా తక్కువ కాబట్టి నేపథ్యం కింద తీసివేయబడింది.

1. సీల్ తీసుకునే ముందు 0.000001 తీసివేయాలి.
2. హద్దు తనిఖీలో రెండు వైపులా 0.000001 మేర సడలింపు ఇవ్వాలి.
3. తనిఖీ దాటిన నిరూపకాలను 0 నుంచి 639 లోపలికి (వై అయితే 479 లోపలికి) కుదించాలి.

ఇప్పటి లెక్క: 90, 180, 270 డిగ్రీలలో నేరుగా తిరగేసిన శ్రేణితో తేడా 0.

దశ 4: పిక్సెళ్ళ మధ్య విలువ

విలోమ సూత్రం ఇచ్చే చోటు సాధారణంగా పిక్సెళ్ళ మధ్యన పడుతుంది. సమీప పిక్సెల్‌ను తీసుకుంటే ఏటవాలు గీతలు మెట్లుమెట్లుగా వస్తాయి. చుట్టూ ఉన్న నాలుగింటి నుంచి దూరాన్ని బట్టి సగటు తీసే బైలీనియర్ పద్ధతిని ముందుగా రాశాను: పై రెండింటి మధ్య ఒకటి, కింది రెండింటి మధ్య ఒకటి, ఆ రెండింటి మధ్య మరొకటి.

కొలబద్ద చిత్రాన్ని 30 డిగ్రీలు తిప్పి చూస్తే చేతి లెక్కకూ ఫలితానికీ తేడా దశాంశ బిందువు తరువాత పన్నెండు స్థానాల వరకు సున్నాయే. ఓపెన్‌సీవీ పాత విడుదలతో పోల్చితే 1/64 వరకు తేడాలు కనిపించాయి. అది నా కోడ్‌లోని లోపం కాదు. వేగం కోసం ఆ విడుదలల్లోని వార్ప్ ప్రమేయం నిరూపకాన్ని పిక్సెల్‌లో 32వ వంతుకు సవరిస్తుంది. అంత సూక్ష్మత సరిపోని పనికి అది తెలిసి ఉండాలి.

అయితే బైలీనియర్‌కు చెల్లించవలసిన మూల్యం ఉంది. గళ్ళ చిత్రాన్ని అడ్డంగా అర పిక్సెల్ జరిపితే ప్రతి పిక్సెల్ ఒక నలుపు, ఒక తెలుపుల సగటు అవుతుంది: చిత్రం మొత్తం 127.5. గళ్ళు ఎప్పటికీ తిరిగి రావు. చారల చిత్రాలతో ఈ నష్టాన్ని అంకెల్లో చూడవచ్చు. అర పిక్సెల్ కుడికి, అర పిక్సెల్ ఎడమకు, మళ్ళీ అలాగే జరిపితే చిత్రం మొదటి చోటికే వస్తుంది. 4 పిక్సెళ్ళ చారల కంపన పరిమితి మాత్రం ఇలా పడిపోయింది:

మొదట 100. ఒక జరుపు తరువాత 70.7. రెండు తరువాత 50.0. మూడు తరువాత 35.4. నాలుగు తరువాత 25.0.

8 పిక్సెళ్ళ చారలు అదే నాలుగు జరుపుల తరువాత 72.9 దగ్గర నిలిచాయి. సన్నని వివరమే ముందుగా పోతుంది.

బైక్యూబిక్ పద్ధతి పదహారు పిక్సెళ్ళను చదువుతుంది. రాబర్ట్ కీస్ 1981లో ప్రతిపాదించిన రూపంలో ఒక స్థిరాంకం ఉంటుంది; దాన్ని −0.5గా తీసుకోవాలని ఆయన చూపారు. పరిమాణ మార్పులో పిల్లో −0.5 వాడుతుంది, ఓపెన్‌సీవీ −0.75 వాడుతుంది. ఒకే పేరుతో రెండు లైబ్రరీలు వేర్వేరు ఫలితాలు ఇవ్వడానికి ఇదొక ముఖ్య కారణం. నాలుగు అర పిక్సెల్ జరుపుల తరువాత 4 పిక్సెళ్ళ చారలు −0.5తో 61.0, −0.75తో 89.4 నిలుపుకున్నాయి. ఈ ఒక్క కొలతే చూస్తే −0.75ను ఎంచుకోవాలనిపిస్తుంది. కొలబద్ద చిత్రం దానికి అడ్డు చెప్పింది: పావు పిక్సెల్ జరిపినప్పుడు 0.25 తేడా రావలసిన చోట −0.75తో దాదాపు 0.297 వచ్చింది. అంటే నునుపుగా పెరిగే విలువల్లో కూడా 0.047 మేర అలలు పుడతాయి. −0.5తో 0.25 సరిగ్గా వచ్చింది. స్థానం తప్పకపోవడమే నా పనికి ముఖ్యం కాబట్టి −0.5ను ఖాయం చేశాను.

బైక్యూబిక్‌లో పొంచి ఉన్న ఇంకో ప్రమాదం ఋణ భారాలు (సగటులో ఒక్కో పిక్సెల్‌ను గుణించే సంఖ్యలు). 0 నుంచి 255కు ఒక్కసారిగా మారే అంచును అర పిక్సెల్ జరిపితే నాలుగు భారాలు −1/16, 9/16, 9/16, −1/16. అందువల్ల తెలుపు వైపు 270.9, నలుపు వైపు −15.9 వస్తాయి. వీటిని అలాగే 8 బిట్ల పూర్ణాంకంగా మార్చితే నేను వాడిన యంత్రంలో 270.9 కాస్తా 14 అయింది, −15.9 కాస్తా 241 అయింది. తెల్లని అంచు పక్కన నల్లని చుక్కలు, నల్లని అంచు పక్కన తెల్లని చుక్కలు కనిపిస్తే కారణం ఇదే. మార్చేముందు 0 నుంచి 255 లోపలికి క్లిప్ చేసి, దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి.

ఇప్పటి లెక్క: సమీప పద్ధతిలో చదివేది 1 పిక్సెల్, బైలీనియర్‌లో 4, బైక్యూబిక్‌లో 16. నాలుగు జరుపుల తరువాత మిగిలినది బైలీనియర్‌లో 25.0, బైక్యూబిక్‌లో 61.0.

దశ 5: మాత్రికలను కలపడం, చిత్రాన్ని ఒక్కసారే ముట్టుకోవడం

పై అంకెలు చూసిన తరువాత కోడ్ నిర్మాణమే మార్చాను. అప్పటివరకు తిప్పడం, జరపడం, పరిమాణం మార్చడం అనే మూడు ప్రమేయాలు ఉండేవి. ఒక్కొక్కటీ చిత్రాన్ని తీసుకొని చిత్రాన్ని తిరిగి ఇచ్చేది. మూడు పనులు వరుసగా చేస్తే మూడు సార్లు అంతర్వేశనం (పిక్సెళ్ళ మధ్య విలువను లెక్కించడం), మూడు సార్లు నష్టం. ఇప్పుడు ప్రమేయాలు చిత్రాన్ని ముట్టుకోవు. 3 × 3 మాత్రికను మాత్రమే ఇస్తాయి.

1. ప్రతి పనికీ ఒక 3 × 3 మాత్రిక. నిరూపకాలకు మూడో అంకెగా 1 చేర్చడం వల్ల జరపడం కూడా గుణకారంగానే మారుతుంది.
2. మాత్రికలను గుణించాలి. ముందు జరగవలసిన పని కుడి చివర ఉండాలి.
3. ఒకే ఒక్కసారి విలోమం తీసుకోవాలి.
4. ఒకే ఒక్కసారి మూలం నుంచి చదవాలి.

రెండు మాత్రికల గుణకారానికి 27 గుణకారాలు. అది చిత్రం మొత్తానికి ఒకసారి జరిగే ఖర్చు, 5,85,120 స్థానాల ముందు లెక్కలోకి రాదు. వరుస మాత్రం ప్రాణాధారం: కేంద్రాన్ని మూలబిందువుకు తేవడం, తిప్పడం, కొత్త కేంద్రానికి పంపడం. ఇందులో ఏ రెండు తారుమారైనా చిత్రం చట్రం బయటకు పోతుంది.

30 డిగ్రీల చొప్పున పన్నెండు సార్లు తిప్పే పరీక్షలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒక్కో సారి చిత్రాన్ని తిప్పుతూ పోతే గళ్ళ చిత్రం లోపలి భాగం బూడిద రంగు ముద్దగా మారింది. పన్నెండు మాత్రికలను గుణించి ఒక్కసారి తిప్పితే గళ్ళు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. మాత్రికలోని దశాంశ దోషం 10⁻¹⁵ స్థాయిలో ఉంటుంది, అది గళ్ళను ఏమీ చేయలేదు.

మాత్రిక నిర్ధారకాన్ని ముద్రించే అలవాటు కూడా ఇక్కడే చేసుకున్నాను. అది వైశాల్యం ఎన్ని రెట్లయిందో చెబుతుంది: శుద్ధ భ్రమణానికి 1, సగానికి కుదిస్తే 0.25, ప్రతిబింబం కలిసి ఉంటే ఋణ సంఖ్య. సున్నాకు దగ్గరగా వస్తే విలోమం తీసుకోకుండా ఆపేయాలి.

ఇప్పటి లెక్క: ఎన్ని పనులు కలిసినా అంతర్వేశనం 1 సారి.

దశ 6: కుదించడంలో పుట్టే దొంగ చారలు

పెంచడంలో లేని సమస్య కుదించడంలో ఉంది. 5 పిక్సెళ్ళ చారల చిత్రాన్ని నాలుగో వంతుకు కుదిస్తే ఆ చారలు గమ్యంలో ఇమడవు. మామూలుగా అక్కడ సమాన బూడిద రంగు రావాలి. బైలీనియర్‌తో కుదించినప్పుడు మాత్రం 5 పిక్సెళ్ళ దూరంలో స్పష్టమైన చారలు వచ్చాయి. మూలం కొలతలో అవి 20 పిక్సెళ్ళకు ఒకటి. అలాంటి చారలు మూలంలో ఎక్కడా లేవు. కారణం సులభం: నాలుగో వంతుకు కుదించినప్పుడు ఒక్కో గమ్య పిక్సెల్ 16 మూల పిక్సెళ్ళకు బదులు నిలబడాలి, బైలీనియర్ వాటిలో నాలుగింటినే చూస్తుంది.

ఆ దొంగ చారల కంపన పరిమితి, మూలంలోని 100కు ఎంత మిగిలిందంటే:

బైలీనియర్ 80.9. 4 × 4 గడి సగటు 25.0. ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పు త్రిభుజ భారాలు 5.1.

గడి సగటు అన్నిటినీ సరిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నాలుగో వంతు ఇంకా మిగిలే ఉందని కొలత చెబుతోంది. పిల్లో పరిమాణ మార్పు ప్రమేయం కుదించే నిష్పత్తిని బట్టి భారాల వెడల్పును తానే పెంచుకుంటుంది, త్రిభుజ భారాల ఫలితం అలాంటిదే. ఓపెన్‌సీవీలో సాధారణ లీనియర్ ఎంపిక అలా చేయదు. కుదించేటప్పుడు ఏరియా ఎంపికను అడిగి తీసుకోవాలి. నా కోడ్‌లో సగానికన్నా ఎక్కువ కుదించవలసి వస్తే ముందు త్రిభుజ భారాలతో వడపోసి, తరువాత మాత్రికను వర్తింపజేస్తున్నాను. అంతర్వేశనం ఒక్కసారే అన్న నియమానికి ఇది మినహాయింపు, కానీ పోవలసిన వివరమే ఇక్కడ పోతోంది.

దశ 7: మూడు షియర్లతో భ్రమణం

మొదటి దశలో వదిలేసిన ముందుకు పంపే పద్ధతికి గౌరవప్రదమైన రూపం ఒకటుంది. ఏ భ్రమణాన్నైనా మూడు షియర్లుగా (ఏటవాలుగా లాగడాలుగా) విడదీయవచ్చునని, దాన్ని పిక్సెళ్ళపై వేగంగా అమలు చేయవచ్చునని అలన్ పేత్ 1986లో చూపారు.

1. అడ్డు వరుసలను జరపాలి. గుణకం సగం కోణపు టాన్ విలువ, ఋణ గుర్తుతో. 30 డిగ్రీలకు −0.268.
2. నిలువు వరుసలను జరపాలి. గుణకం కోణపు సైన్ విలువ, 0.5.
3. మళ్ళీ అడ్డు వరుసలను మొదటి గుణకంతోనే జరపాలి.

ప్రతి వరుసనూ దగ్గరి పూర్ణాంకం మేర మాత్రమే జరిపితే, అంతర్వేశనం అసలు లేదు. ఒక వరుసను మొత్తంగా జరపడంలో ఏ పిక్సెలూ మరొకదాని మీద పడదు. అందువల్ల 13.4 శాతం ఖాళీలు పడిన అదే 30 డిగ్రీల దగ్గర రంధ్రాలు 0, చెరిగిన పిక్సెళ్ళు 0. మూడు జరుపులనూ వెనుక నుంచి అదే పూర్ణాంకాలతో తిరగేస్తే మూల చిత్రం బిట్టు కూడా తేడా లేకుండా తిరిగి వచ్చింది. ఇందుకు మధ్య దశలకు సరిపడా చోటు ఉండాలి: మొదటి షియర్ తరువాతే వెడల్పు 769కి పెరుగుతుంది.

గీతలు మెట్లుగా వస్తాయి కాబట్టి చూడడానికి ఇది బాగుండదు. కానీ ప్రతి పిక్సెల్‌కూ ఒక వర్గం సంఖ్య ఇచ్చిన చిత్రాల్లో, అంటే సగటు తీస్తే అర్థం లేని విలువలు వచ్చే చోట, నేను దీన్నే వాడతాను. 3వ వర్గానికీ 7వ వర్గానికీ మధ్య 5 అనే జవాబు ఎవరికీ అక్కరలేదు. 90 డిగ్రీలు దాటిన కోణాలకు ముందు శ్రేణిని 90 లేదా 180 డిగ్రీలు తిరగేసి, మిగిలిన చిన్న కోణానికే షియర్లు వాడాలి. 180 దగ్గర సగం కోణపు టాన్ అనంతమవుతుంది.

ఇప్పటి లెక్క (30 డిగ్రీలు): ఖాళీలు 13.4 నుంచి 0కు, చెరిగిన పిక్సెళ్ళు 41 వేల నుంచి 0కు.

దశ 8: దృక్కోణ పరివర్తన, ప్రస్తుత స్థితి

మాత్రిక మూడో వరుసలో 0, 0, 1లకు బదులు వేరే విలువలు పెడితే, ఏటవాలుగా తీసిన కాగితపు చిత్రాన్ని సమంగా పరచవచ్చు. తెలియని రాశులు 8. నాలుగు మూలల జతలు ఇస్తే 8 సమీకరణాలు వస్తాయి, మూడు మూలలు ఒకే గీత మీద ఉండకపోతే పరిష్కారం దొరుకుతుంది. నిరూపకాలను మూడో అంకెతో భాగించడం ఒక్కటే కోడ్‌లో కొత్త వరుస. ఆ మూడో అంకె సున్నాకు చేరే గీత గమ్యంలో పడితే అక్కడ నిరూపకాలు అనంతానికి పోతాయి. గీతకు అవతలి వైపు చిత్రం తలకిందులుగా మళ్ళీ కనిపిస్తుంది. ఆ గీతకు అవతల ఉన్న స్థానాలన్నింటినీ నేపథ్యంగా ముద్ర వేయడం ద్వారా దాన్ని ఆపాను.

దశ 6లోని వడపోత ఇక్కడ సరిపోవడం లేదు. కుదింపు నిష్పత్తి చిత్రమంతటా ఒకేలా లేదు: దూరపు అంచులో చిత్రం పెరుగుతుంది, దగ్గరి అంచులో కుదించుకుపోతుంది. చిత్రమంతటికీ ఒకే వెడల్పుతో వడపోస్తే ఒక చివర మసక, మరో చివర దొంగ చారలు. చిత్రాన్ని సగం, పావు, ఎనిమిదో వంతు పరిమాణాల్లో ముందే సిద్ధం చేసుకొని, ప్రతి స్థానంలోనూ అక్కడి నిర్ధారకాన్ని బట్టి తగిన పరిమాణం నుంచి చదివే పద్ధతిని ఇప్పుడు రాస్తున్నాను. అదనంగా పట్టే జ్ఞాపకశక్తి మూలంలో మూడో వంతుకు మించదు. చారల చిత్రంతో కొలిచిన అంకెలు వచ్చాక ఈ దశ కిందనే చేరుస్తాను.